అరచేయంత డెస్క్‌టాప్: ఇంటి అవసరాలకు మినీ పీసీ ఎంతవరకు సరిపోతుంది?

ఇంటికి కంప్యూటర్ కొనాలంటే చాలాకాలం రెండే మార్గాలు ఉండేవి. ఒకటి బల్ల కింద చోటంతా ఆక్రమించే పెద్ద పెట్టె, రెండోది ల్యాప్‌టాప్. ఇప్పుడు ఈ రెండింటి నడుమ మూడో మార్గం స్థిరపడుతోంది. టిఫిన్ డబ్బా కన్నా చిన్నగా ఉండి, మానిటర్ వెనుక బిగించినా కనిపించకుండా పనిచేసే మినీ పీసీలు కార్యాలయాల నుంచి ఇళ్లలోకి అడుగుపెడుతున్నాయి. పిల్లల చదువు, ఆన్‌లైన్ దరఖాస్తులు, లెక్కల పట్టికలు, వీడియోలు, ఇంటి నుంచి చేసే ఉద్యోగం వంటి నిత్యావసరాలకు ఇవి సరిపోతాయన్న నమ్మకం కొనుగోలుదారుల్లో బలపడుతోంది.

దేశంలో ఇంటి కంప్యూటర్ అంత సాధారణమైన వస్తువు కాదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) లెక్కల ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతం, పట్టణ కుటుంబాల్లో 23.4 శాతం ఇళ్లలో మాత్రమే కంప్యూటర్ ఉండేది. మధ్యతరగతి కుటుంబం అనేక ఏళ్లకొకసారి, ఎంతో ఆలోచించి చేసే కొనుగోలు ఇది. అందువల్ల ఈ చిన్న యంత్రం ఏమి చేయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

మినీ పీసీ అంటే ఏమిటి?

మినీ పీసీ కూడా సంపూర్ణమైన డెస్క్‌టాప్ కంప్యూటరే. ప్రాసెసర్, మెమొరీ, నిల్వ, వైఫై, యూఎస్‌బీ రంధ్రాలు అన్నీ ఒకే చిన్న పెట్టెలో ఉంటాయి. తెర, కీబోర్డు, మౌస్, స్పీకర్లు, కెమెరా మాత్రం విడిగా సమకూర్చుకోవాలి. పెద్ద డెస్క్‌టాప్‌లో లోపలే ఉండే విద్యుత్ సరఫరా భాగం చాలా మినీ పీసీల్లో ల్యాప్‌టాప్ ఛార్జర్ వంటి అడాప్టర్ రూపంలో బయట ఉంటుంది. మెమొరీ కూడా ల్యాప్‌టాప్‌లలో వాడే చిన్న పలకే. విడిగా గ్రాఫిక్స్ కార్డు అమర్చే చోటు సాధారణంగా ఉండదు. ఒక్కమాటలో చెప్పాలంటే, ఇది తెర, బ్యాటరీ తీసివేసిన ల్యాప్‌టాప్ వంటిది.

రెండు దశాబ్దాల ప్రయాణం

చిన్న కంప్యూటర్ ఆలోచన కొత్తది కాదు. తైవాన్‌కు చెందిన వయా సంస్థ 2001లో 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు ప్రమాణమైన 'మినీ ఐటీఎక్స్'ను ముందుకు తెచ్చింది. 2005 జనవరిలో ఆపిల్ 499 డాలర్ల ప్రారంభ ధరతో 'మ్యాక్ మినీ'ని విడుదల చేసింది. బ్రిటన్‌లో విద్యార్థులకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఉద్దేశంతో రూపొందిన 'రాస్ప్‌బెర్రీ పై' 2012లో వచ్చింది. అదే ఏడాది ఇంటెల్ దాదాపు 10 సెంటీమీటర్ల చదరపు బోర్డుతో 'నక్' శ్రేణిని పరిచయం చేసింది. లెనోవో 'టైనీ', డెల్ 'మైక్రో', హెచ్‌పీ 'మినీ' పేర్లతో సుమారు ఒక లీటరు ఘనపరిమాణం గల యంత్రాలను బ్యాంకులు, ఆసుపత్రులు, కాల్‌సెంటర్లకు పెద్దఎత్తున సరఫరా చేశాయి.

2023 జూలైలో ఇంటెల్ 'నక్' వ్యాపారం నుంచి తప్పుకొని, ఆ శ్రేణిని కొనసాగించే హక్కులను తైవాన్ సంస్థ అసూస్‌కు ఇచ్చింది. 2024 చివర్లో ఆపిల్ మ్యాక్ మినీని 12.7 సెంటీమీటర్ల చదరానికి కుదించి, ఎం4 ప్రాసెసర్, 16 జీబీ మెమొరీతో భారత్‌లో రూ.59,900 ప్రారంభ ధరకు తెచ్చింది.

ఆదరణ పెరగడానికి కారణాలు

మొదటి కారణం ప్రాసెసర్లలో వచ్చిన మార్పు. పదేళ్ల క్రితం చిన్న పెట్టెలో అమర్చగలిగే చవక ప్రాసెసర్లు నాలుగు వెబ్‌పేజీలు తెరిస్తేనే మొరాయించేవి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 నాలుగు కోర్లతో, 6 వాట్ల ప్రామాణిక విద్యుత్ పరిమితితోనే ఇంటి పనులను సాఫీగా నడిపిస్తుంది. ఇంటర్నెట్ వీడియోలలో ఎక్కువగా వాడే ఏవీ1 సంకేతాన్ని హార్డ్‌వేర్ స్థాయిలోనే విప్పగలదు. కనుక అధిక స్పష్టత గల వీడియోలు కూడా ఆగకుండా నడుస్తాయి.

రెండోది నిల్వ సాధనాల్లో వచ్చిన మార్పు. తిరిగే హార్డ్‌డిస్క్‌కు బదులు చూయింగ్ గమ్ బిళ్ల పరిమాణంలోని ఎస్‌ఎస్‌డీ వచ్చింది. డీవీడీ డ్రైవుల అవసరం దాదాపు తీరిపోయింది. పెద్ద పెట్టెలో చోటు తినే భాగాలు లేనప్పుడు పెద్ద పెట్టెతో పని లేకుండా పోయింది.

మూడోది విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం. వ్యక్తిగత వినియోగదారులకు పొడిగించిన భద్రతా నవీకరణలు కూడా 2026 అక్టోబరు 13 వరకే అందుతాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి. ఈ అర్హత లేని పాత డెస్క్‌టాప్ ఉన్నవారికి మంచి స్థితిలో ఉన్న మానిటర్, కీబోర్డులను అలాగే ఉంచుకొని, పెట్టెను మాత్రమే మార్చుకొనే వీలు మినీ పీసీ కల్పిస్తోంది.

కరెంటు లెక్క

ఒక సాధారణ డెస్క్‌టాప్ పెట్టె ఇంటి పనులు చేస్తున్నప్పుడు సగటున 60 వాట్లు, తక్కువ శక్తి గల మినీ పీసీ 12 వాట్లు వాడుకుంటాయనుకుందాం. రోజుకు 6 గంటల చొప్పున 30 రోజులకు మొదటిది 10.8 యూనిట్లు, రెండోది 2.2 యూనిట్లకు కాస్త తక్కువగా ఖర్చు చేస్తాయి. ఏడాదికి తేడా సుమారు 104 యూనిట్లు. శ్లాబుల పద్ధతిలో బిల్లు వేసే రాష్ట్రాల్లో ఈ కొద్ది తేడాయే కొన్ని ఇళ్లను పై శ్లాబులోకి పోకుండా ఆపవచ్చు. అయితే మానిటర్ వాడుకునే కరెంటు రెండింటికీ సమానమే. కరెంటు ఆదా కోసమే బాగా పనిచేస్తున్న యంత్రాన్ని మార్చితే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

ల్యాప్‌టాప్‌తో పోలిస్తే

ఒకే ధరకు వచ్చే ల్యాప్‌టాప్‌లో తెర, బ్యాటరీ, కీబోర్డు కలిసే ఉంటాయి. కాలేజీకో ఆఫీసుకో వెంట తీసుకెళ్లాల్సినవారికి దానికి ప్రత్యామ్నాయం లేదు. ఇంట్లో ఒకేచోట ఉండే కంప్యూటర్ విషయంలో మాత్రం మినీ పీసీకి కొన్ని అనుకూలతలు ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెర పగిలినా, కీబోర్డు పాడైనా మరమ్మతు ఖర్చు భారీగా ఉంటుంది. మినీ పీసీతో వాడే మానిటర్, కీబోర్డు దేనికది విడిగా మార్చుకోవచ్చు. తెరను కంటి ఎత్తున అమర్చుకోవడం వల్ల గంటల తరబడి చదివే పిల్లలు మెడ వంచి కూర్చోవలసిన అవసరం ఉండదు.

ప్రధాన లోపం బ్యాటరీ లేకపోవడమే. కరెంటు పోయిన క్షణంలోనే యంత్రం ఆగిపోతుంది. చేస్తున్న పని పోవడంతోపాటు ఎస్‌ఎస్‌డీలోని సమాచారం దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. తరచూ కోతలు ఉండే ఊళ్లలో యూపీఎస్ ఖర్చును కంప్యూటర్ ధరలో భాగంగానే లెక్కించాలి. తక్కువ కరెంటు వాడుకుంటుంది గనుక, పెద్ద డెస్క్‌టాప్ కన్నా మినీ పీసీ అదే యూపీఎస్‌పై ఎక్కువసేపు నడుస్తుంది. వైఫై రూటర్లకు వాడే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌ను దీనికి తగిలించే ముందు అడాప్టర్‌పై ముద్రించిన వోల్టేజీ, ఆంపియర్లు చూడాలి. 19 వోల్టుల యంత్రాలకు అది పనికిరాదు.

వేడి, దుమ్ము

చిన్న పెట్టెలో వేడి బయటికి పోయే దారి కూడా చిన్నదే. మ్యాక్ మినీకి ఆపిల్ నిర్దేశించిన వినియోగ ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. తెలుగు రాష్ట్రాల్లో వేసవి మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడి పెరిగితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఫ్యాన్ మోత పెరుగుతుంది. గాలి ఆడే చోట, గోడకు కొంత ఎడంగా ఉంచడం, అలమరాలోనో టీవీ వెనుక మూసిన అరలోనో పెట్టకపోవడం, ఏడాదికొకసారైనా దుమ్ము తీయించడం మేలు. ఫ్యాన్ లేని నమూనాలు నిశ్శబ్దంగా ఉంటాయి గానీ ఎండాకాలంలో త్వరగా వేడెక్కుతాయి.

ప్రభుత్వ నిబంధనలు

ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, ఆల్ ఇన్ వన్ పీసీలతోపాటు అతి చిన్న పరిమాణపు కంప్యూటర్ల దిగుమతిపై విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ 2023 ఆగస్టు 3న ఆంక్షలు ప్రకటించింది. పరిశ్రమ వినతుల నేపథ్యంలో అమలును వాయిదా వేసి, అదే ఏడాది నవంబరు నుంచి ముందస్తు అనుమతితో కూడిన దిగుమతి నిర్వహణ విధానాన్ని తెచ్చింది. వ్యక్తిగతంగా ఒక యంత్రాన్ని పోస్టు లేదా కొరియర్ ద్వారా తెప్పించుకోవడానికి లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చారు. సుంకం మాత్రం చెల్లించాలి. దేశీయ తయారీని ప్రోత్సహించేందుకు 2023 మేలో రూ.17,000 కోట్లతో ఆమోదించిన ఐటీ హార్డ్‌వేర్ ప్రోత్సాహక పథకం రెండో దశలోనూ ఈ తరహా కంప్యూటర్లను చేర్చారు.

కంప్యూటర్లకు, వాటి అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల బ్యూరో వద్ద నమోదు తప్పనిసరి. యంత్రంపైనా అడాప్టర్‌పైనా బ్యూరో గుర్తుతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉందో లేదో చూడడం కొనుగోలుదారు చేయగల తొలి పరీక్ష. ఊరూపేరూ లేని అడాప్టర్‌తో వచ్చే చవక పెట్టెలు యంత్రానికే కాదు, ఇంటికీ ప్రమాదకరమే.

వాడిన యంత్రాల బజారు

కార్పొరేట్ కార్యాలయాలు కొన్నేళ్లు వాడి తొలగించిన ఒక లీటరు యంత్రాలు ఢిల్లీ నెహ్రూ ప్లేస్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి మార్కెట్లలో దొరుకుతాయి. గట్టి తయారీ, విడిభాగాల లభ్యత వీటి బలం. అయితే ఇక్కడే అసలు జాగ్రత్త అవసరం. విండోస్ 11కు అర్హత లేని 6, 7 తరాల యంత్రాలు తక్కువ ధరకు ఊరిస్తాయి. ప్రాసెసర్ పేరులో గీత తరువాతి తొలి అంకె చాలావరకు తరాన్ని తెలుపుతుంది. ఐ5-7500టీ అంటే 7వ తరం, ఐ5-8500టీ అంటే 8వ తరం. ఈ ఒక్క అంకె తేడాతో భద్రతా నవీకరణలు అందే యంత్రమా, అందని యంత్రమా అన్నది తేలిపోతుంది. 7వ తరం యంత్రాన్ని లినక్స్‌తో వాడుకునే ఉద్దేశం ఉంటే మాత్రం అది మంచి బేరమే కావచ్చు.

కొనేముందు చూడవలసినవి

మెమొరీ ఇంటి పనులకు కనీసం 8 జీబీ, కొన్నేళ్లపాటు నిశ్చింతగా ఉండాలంటే 16 జీబీ ఉండాలి. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ కారణంగా మెమొరీ చిప్‌ల ధరలు పెరిగాయి. తరువాత పెంచుకోవచ్చులే అని తక్కువ మెమొరీతో కొనడం అంత లాభసాటి కాదు. పైగా కొన్ని నమూనాల్లో మెమొరీ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. మ్యాక్ మినీ ఈ కోవకే చెందుతుంది. నిల్వ విషయంలో 'ఈఎంఎంసీ' అని రాసి ఉన్న నమూనాల కన్నా ఎస్‌ఎస్‌డీ ఉన్నవే వేగవంతం.

ఇంట్లో ఉన్న మానిటర్‌కు వీజీఏ తప్ప మరో రంధ్రం లేకపోతే మార్పిడి తీగ కావాలి. మానిటర్ వెనుక బిగించదలిస్తే 75 లేదా 100 మిల్లీమీటర్ల వీసా రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు ధరలో కలిసి ఉందా అని అడిగి బిల్లుపై రాయించుకోవాలి. 2024లో ఒక చైనా తయారీదారు యంత్రాల్లో హానికర సాఫ్ట్‌వేర్ ముందే చేరి ఉన్నట్లు బయటపడి కలకలం రేగింది. పేరు తెలియని సంస్థ యంత్రం కొన్నప్పుడు నిల్వను పూర్తిగా చెరిపి, మైక్రోసాఫ్ట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి దించుకున్న విండోస్‌నో, లినక్స్‌నో కొత్తగా ఎక్కించుకోవడం క్షేమం. బ్యాంకు లావాదేవీలు ఆ తరువాతే చేయాలి.

తెలుగులో రాసుకునేవారికి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ యూనికోడ్ తెలుగు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అంతర్గతంగానే ఉన్నాయి. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లు, హార్డ్‌వేర్ డాంగిల్‌తో నడిచే ప్యాకేజీలు వాడేవారు అవి కొత్త విండోస్‌పైనా, మ్యాక్‌పైనా నడుస్తాయో లేదో ముందే నిర్ధారించుకోవాలి.

ఎవరికి తగదు?

భారీ గ్రాఫిక్స్‌తో కూడిన ఆటలు ఆడేవారికి, వృత్తిరీత్యా గంటల తరబడి వీడియో కూర్పు, త్రీడీ రూపకల్పన చేసేవారికి చవక మినీ పీసీ సరిపోదు. ఏళ్లు గడిచేకొద్దీ గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, విద్యుత్ సరఫరా భాగం ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవాలనుకునేవారికి పెద్ద పెట్టే మేలు. మినీ పీసీలో బోర్డు కాలిపోతే చాలావరకు యంత్రమంతా మార్చవలసిందే. అందువల్ల ఊళ్లోనో, దగ్గరి పట్టణంలోనో సేవా కేంద్రం ఉన్న సంస్థ యంత్రానికి కాస్త ఎక్కువ చెల్లించడం వృథా కాదు.

మార్చిన పాత పెట్టెను పాత ఇనుప సామాన్లవారికి వేయకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం అధీకృత పునఃచక్రీయ కేంద్రానికి చేర్చాలి. అంతకుముందే దానిలోని హార్డ్‌డిస్క్‌ను విప్పి భద్రపరచుకోవాలి. కుటుంబ ఛాయాచిత్రాలు, ధ్రువపత్రాల నకళ్లు అందులోనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. చిన్నపాటి యూఎస్‌బీ డబ్బాలో అమర్చుకుంటే అదే డిస్క్ కొత్త మినీ పీసీకి అదనపు నిల్వగా పనికివస్తుంది.