కంతు కట్టలేని వారం

పొద్దుగూకింది. కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. ఒకామె కొంగుముడి విప్పి ఏడు రూపాయలు ముందు పెట్టింది. రోజుకో రూపాయి, వారం పొదుపు.

"ఐదొందలు కావాల. కూతురి కాన్పు," అంది పక్కనామె.

"కంతు ఎట్ల కడ్తావు?"

"శెనక్కాయ పెరికినాక."

"వాన సంగతి ఎవరికెరుక? కూలి డబ్బుల్లోంచి వారం వారం కట్టు. వడ్డీ సావుకారికి పోదు గదా, మన సంఘంలోనే ఉంటాది."

తీర్మానం రాశారు. వేలిముద్రలు పడ్డాయి.

ఈ ఆడవాళ్లకు పేర్లు పెట్టలేదు. 1990ల చివర కర్నూలు-నంద్యాల దారిలోని ఓర్వకల్లు మండలంలో ఊరూరా నడిచిన మాటలే ఇవి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేస్తున్న కాలమది. పది పదిహేను మందితో ఒక సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య. ఒంటరి కూలిమనిషిని గడప తొక్కనివ్వని బ్యాంకు, లెక్కల పుస్తకం సరిగ్గా ఉన్న సంఘానికి అప్పిచ్చింది.

ఒకామె కంతు తప్పితే మిగతావాళ్ల కొత్త అప్పు ఆగుతుంది. కాబట్టి ఒత్తిడి ఇక్కడా ఉంది. కానీ ఇంటికొచ్చి అడిగేది ఆమెతోపాటు కలుపు తీసిన మనిషే. మొగుడు మంచం పట్టాడో, పనే దొరకలేదో ఆమెకు తెలుసు. కూర్చుని కంతు మార్చి రాసుకుంటారు. ఈ ఏర్పాటుకు ప్రాణం అదేనని నా నమ్మకం.

సంఘం కాక కంపెనీ అప్పిస్తే సంగతి వేరు. విక్రమ్ ఆకుల సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్‌ను మెదక్ జిల్లాలో మొదలుపెట్టిందీ పేదల కోసమే, స్వచ్ఛంద సంస్థగానే. తర్వాత అది కంపెనీ అయింది, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కెక్కింది. అప్పు తీసుకునేవాళ్లు ఊళ్లో, లాభం కోరేవాళ్లు ఎక్కడో. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల మీద గగ్గోలు పుట్టి ఆ అక్టోబరులోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది.

ఓర్వకల్లు ఆడవాళ్ల మాట అప్పుల దగ్గర ఆగలేదు. అదే రోడ్డు మీద ముందుకు పోతే నంద్యాల, ఆళ్లగడ్డ. ఆ వైపు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దడానికి, ఆడపిల్లల్ని పెట్టుకునేవాళ్లు. చిన్న వేళ్లు చురుగ్గా ఆడతాయని, కూలి తక్కువని. బడి మానిన పిల్లల సంగతి సమాఖ్య మీటింగుల్లోకి వచ్చింది. అప్పు కోసం కట్టుకున్న ఆ సమాఖ్యే బాలభారతి పేరుతో సొంత బడి తెరిచింది.