ఒకే ప్రాంగణంలో రెండు చర్చిలు

పోయిన ఆదివారం అమ్మమ్మకు ఒక ఫొటో పంపాను. చిన్న గుట్ట మీద పక్కపక్కనే రెండు చర్చిలు. "అంత చిన్న ఊరికి రెండెందుకు నాన్నా?" అని ఫోన్‌లో అడిగింది. జవాబు నాకు తెలుసు, కానీ తెలుగులో చెప్పడం రాలేదు. "తర్వాత చెప్తాను అమ్మమ్మా" అన్నాను. ఆ జవాబే ఈ వారం రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఊరి పేరు స్వాఫమ్ ప్రయర్. ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్‌కు ఈశాన్యంగా ఉంది. ఒకటి సెయింట్ మేరీ చర్చి. రెండోది సెయింట్ సిరియాక్, సెయింట్ జూలిటా చర్చి. ఈ ఇద్దరూ తల్లీకొడుకులు. జూలిటాను, ఆమె పసిబిడ్డ సిరియాక్‌ను రోమన్ల కాలంలో టార్సస్‌లో చంపారని పాత కథ. టార్సస్ ఇప్పటి టర్కీలో ఉంది.

పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. ఈ ఊళ్ళో పూర్వం రెండు పారిష్‌లు ఉండేవి. అందుకే చర్చిలు కూడా రెండు. 1667లో రెండు పారిష్‌లను కలిపేశారు. ఇక ఒక చర్చి చాలు. అయినా రెండూ నిలిచాయి.

సెయింట్ మేరీ గోపురం 12వ శతాబ్దం నాటిది. (టవర్‌ను గోపురం అనొచ్చా అని అమ్మను అడిగాను. "రాయి, అర్థమవుతుంది" అంది.) అది కింద నాలుగు పలకలు, పైన ఎనిమిది, ఇంకా పైన పదహారు. 18వ శతాబ్దంలో ఈ చర్చి మీద పిడుగు పడింది. జనం పక్క చర్చికి మారారు. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ పాత గోపురాన్ని ఉంచి, ప్రార్థన చేసే భాగాన్ని కొత్తగా కట్టారు. సెయింట్ మేరీ పాడుబడింది.

తర్వాత కథ తిరగబడింది. ఊరివాళ్ళు సెయింట్ మేరీని బాగుచేసి మళ్ళీ అందులోకి వెళ్ళారు. ఈసారి ఖాళీ అయింది సిరియాక్ చర్చి. పాత చర్చిలను కాపాడే ఒక ట్రస్టు ఇప్పుడు దాన్ని చూసుకుంటోంది.

సెయింట్ మేరీలో నాకు బాగా గుర్తుండిపోయినవి రంగు అద్దాల కిటికీలు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా పెట్టారు. వాటిలో యుద్ధ ట్యాంకు, జలాంతర్గామి కూడా ఉన్నాయి. చర్చి అద్దంలో ట్యాంకును నేను ఇంకెక్కడా చూడలేదు.

నిన్న అమ్మమ్మకు ఇదంతా కాగితం చూడకుండా చెప్పాను. రెండుసార్లు ఆగాను, అంతే. ఆమె మొత్తం విని అంది: "రెండోది దండగని కూల్చలేదు, మంచి పని చేశారు. లేకపోతే పిడుగు పడ్డాక ఎక్కడికి పోయేవాళ్ళు?"

నాకు ఇది తట్టనే లేదు.

ఈ వారం మాటలు:
ప్రాంగణం: గుడి, చర్చి లాంటి వాటి చుట్టూ ఉండే ఆవరణ.
పాడుబడు: ఎవరూ వాడక, బాగుచేయక శిథిలం కావడం.
దండగ: ఉపయోగం లేని ఖర్చు.