పాత కత్తిమీది ముద్ర - అసలెంత, నకలెంత?

మన భద్రాచలం అటవీ ప్రాంతం చాలాకాలం రెండు ప్రభుత్వాల సరిహద్దుగా ఉన్నది. ఖమ్మం వైపు నిజాం రాజ్యం. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుండి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. 1879 నాటి రంప పితూరీ ఈ అడవులకు ప్రాకినప్పుడు, అణచడానికి మద్రాసు సైన్యం దిగింది. ఇటువంటి సీమలో ఏ పాత ఇంటి అటకమీదనో ఒక కత్తి కనబడితే ఆశ్చర్యం లేదు. అది ఎక్కడిదో తెలుసుకొనడం ఎట్లా?

ఫిరంగి అంటే మనకు తెలిసినది గుండ్లు పేల్చేదే. కాని దక్కనులో ఐరోపా అలుగు వేసిన కత్తికీ అదే పేరు. 16, 17 శతాబ్దాలలో పోర్చుగీసు మొదలైన వర్తకులు ఓడలలో అలుగులు తెచ్చి అమ్మగా, పిడి ఇక్కడివారు బిగించేవారు. కనుక పిడి మనదైనా అలుగుమీద జర్మనీ ముద్ర ఉండవచ్చు.

అయితే ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మరాదు. పరుగెత్తే తోడేలు బొమ్మ మొదట జర్మనీలోని పస్సావు పట్టణపు కమ్మరులది. దానికి పేరు రాగానే సోలింగెన్ వారూ వాడుకొన్నారు. 16వ శతాబ్దపు ఇటలీ కమ్మరి ఆండ్రియా ఫెరారా పేరును సోలింగెన్‌లోనే చెక్కి స్కాట్లండుకు అమ్మారు. పళ్ళున్న కొడవళ్ళు జంటగా ఉండే ఇటలీ గుర్తును మన దేశపు కమ్మరులే దింపారు. వింత ఏమనగా, నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెదుక్కుంటూ వచ్చేవారు. అంతటి ఉక్కు ఉన్న దేశంలో పరాయి ముద్రకు గిరాకీ!

ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. సీలు ఎవరైనా చేయించవచ్చు. రిజిస్టరులో నెంబరు ఉన్నదా అన్నదే ముఖ్యం. లండనులోని విల్కిన్సన్ కంపెనీ 1854 ప్రాంతం నుండి అధికారుల కత్తులకు వరుస నెంబర్లు వేసి రిజిస్టర్లలో ఎక్కించింది. ఆ నెంబరు పిడి దగ్గర, అలుగు వెన్నుమీద ఉంటుంది. దానినిబట్టి తయారైన సంవత్సరం, చాలాసార్లు కొన్న అధికారి పేరు కూడా తెలుస్తాయి. వెడల్పు మొన గల బాణపు గుర్తు ఉంటే అది బ్రిటిషు ప్రభుత్వ సరుకు.

సభ్యులకు మనవి. అటువంటి కత్తి ఉంటే ఇటుకపొడితోగాని, గరుకు కాగితంతోగాని తోమవద్దు. అరిగిన ముద్ర మళ్ళీ రాదు. పాత ఇనుము వారికి కిలోల లెక్కన వేయకముందు పురావస్తు శాఖ వారికి చూపండి. నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువును 1972 చట్టం ప్రకారం సొంతంగా విదేశాలకు పంపరాదు. పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే ముద్ర దిగుతుంది. ఆ కాగితం వెనుక, కత్తి ఎవరి కాలంలో ఇంటికి వచ్చిందో పెద్దలు చెప్పినంతవరకు వ్రాసి, పెన్షను కాగితాలతోపాటు భద్రపరచవలసిందిగా కోరుచున్నాను.