రాచపుండునకు క్రొత్త మందులు

నల్లమల యంచుననున్న అచ్చంపేట ప్రాంతమునుండి రాచపుండు, అనగా క్యాన్సరు, చికిత్సకై హైదరాబాదునకు పోవువారు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “జన్యువులతో చేయు మందులు వచ్చినవట గదా, ఇక ఈ జుట్టు రాల్చు మందులెందుకు?” ఈ ప్రశ్నకు చరిత్రయే చక్కని సమాధానము చెప్పగలదని నా విశ్వాసము.

మొదట పాత మందు సంగతి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు పరిశోధనలు నడపుచుండిరి. ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. కణము రెండుగా చీలవలెనన్న ఈ యామ్లము కావలయును. చూచుటకు దానివలెనే యుండి దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను పదార్థమును గూడ అచటనే చేసిరి. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు దానిని రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణము కనబడినదని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను అంతకుముందు అదియును లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ మందునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది. కాని ఇట్టి మందులు వేగముగా పెరుగు మంచి కణములను సైతము విడువవు. జుట్టు రాలుట, నోరు పూయుట అందువలననే.

శత్రువును మాత్రమే గుర్తుపట్టు మందు కావలెనని శాస్త్రజ్ఞులు కోరిరి. 1997లో అమెరికా యనుమతించిన రిటుక్సిమాబ్ ఆ కోరికకు దగ్గరైనది. ఎలుక జన్యుభాగమును మానవ జన్యుభాగముతో కూర్చి, హామ్‌స్టరను చిన్నజంతువు కణములలో చొప్పించగా, ఆ కణములే ఈ మందును తయారుచేయును. 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ దీనికి సదృశమైన మందును తక్కువ వెలకు వెలువరించెను. అయితే ఇది పాతమందును తరిమివేసెనా? లేదు. లింఫోమా సోకిన 399 మంది వృద్ధులపై జరిగిన పరీక్షాఫలితము 2002లో వెలువడెను. పాతమందులు మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 63 మందికి, రెండును పుచ్చుకొన్నవారిలో 76 మందికి వ్యాధి పూర్తిగా కనుమరుగయ్యెను.

ఇంకను క్రొత్తది కార్-టి చికిత్స. రోగి రక్తమునుండి రక్షకకణములను తీసి, వానిలో క్రొత్త జన్యువును చేర్చి, పెంచి, మరల ఎక్కింతురు. బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక వైద్యశాలల కృషిఫలమైన నెక్స్‌కార్19 అను చికిత్సకు 2023లో మనదేశమున అనుమతి లభించెను. ఆ కణములను ఎక్కించుటకు ముందు చోటు చేయుట యేది? ఆ పాత మందులే.

క్రొత్తమందే చాలు వ్యాధులు లేకపోలేదు. ఆ నిర్ణయము వైద్యునిది. కాని క్రొత్తది వచ్చునని పాతదానిని మానుకొనిన, వ్యాధి మనకొరకు ఆగదు.

తుదకు ఒక్కమాట. జన్యుమందులన్నియు వెల గలవి కావు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ జన్యువిధానమున హెపటైటిస్-బి టీకాను తయారుచేసెను. ఆ వ్యాధి కాలేయపు క్యాన్సరునకు ముఖ్యకారణములలో నొకటి. అట్టి టీకాను నేడు ప్రభుత్వ వైద్యశాలలలో శిశువులకు ఉచితముగా వేయుచున్నారు. శ్రోతలారా, అచ్చంపేట చుట్టుపట్ల నేగూడెమున బిడ్డ పుట్టినను ఆ సూది తప్పనీయకుడు.