డ్రాప్ బటన్ ఎక్కడినుంచి వచ్చింది?

పోయిన ఎపిసోడ్ విన్నాక ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఒక సబ్జెక్టు అస్సలు ఎక్కట్లేదు. డ్రాప్ చేసేస్తే ఏమవుద్ది?" ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేశా, ఇక్కడ రాస్తున్నా.

మన దగ్గర ఎంపీసీ తీసుకుంటే ఎంపీసీయే. కెమిస్ట్రీ రాకపోతే సప్లిమెంటరీ రాసుకోవాలి తప్ప వదిలేస్తానంటే కుదరదు. అమెరికాలోనూ ఒకప్పుడు ఇంతే. హార్వర్డ్‌లో లాటిన్, గ్రీకు, లెక్కలు అందరూ ఒకే వరసలో చదవాల్సిందే. 1869లో చార్లెస్ ఎలియట్ అనే కెమిస్ట్రీ మాస్టారు 35 ఏళ్లకే అక్కడ అధ్యక్షుడయ్యాడు. 1909 దాకా, అంటే 40 ఏళ్లు ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఏం చదవాలో విద్యార్థే ఎంచుకోవాలన్నది ఆయన పట్టుదల. 1890ల చివరికొచ్చేసరికి అక్కడ తప్పనిసరిగా మిగిలింది దాదాపు ఇంగ్లీషు రచన ఒక్కటే.

దాంతో కుర్రాళ్లు తేలిక కోర్సులు వెతుక్కోవడం మొదలెట్టారు (ఈ విద్య మనం కనిపెట్టింది కాదన్నమాట). ఆయన తర్వాత వచ్చిన లోవెల్ ఒక ప్రధాన సబ్జెక్టు పట్టుకోవాలని కొంత పగ్గం వేశాడు.

ఎవరికి నచ్చింది వాళ్లు చదివితే, డిగ్రీ పూర్తయిందని లెక్కేసేదెలా? ఇక్కడ కార్నెగీ డబ్బు పనిచేసింది. 1905లో ప్రొఫెసర్లకు పెన్షన్లివ్వడానికి ఆయన పెట్టిన ఫౌండేషన్, పెన్షన్ కావాలంటే కాలేజీలు కొన్ని ప్రమాణాలు పాటించాలంది. హైస్కూలు చదువును గంటల్లో కొలిచే యూనిట్ అలా స్థిరపడింది. కాలేజీల్లో క్రెడిట్లూ అదే దారిలో వచ్చాయి. చదువు గంటలుగా ముక్కలైంది కాబట్టే ఒక ముక్క కలపొచ్చు, ఒకటి తీసేయొచ్చు. గడువులోపు తీసేస్తే మామూలుగా ఆనవాలుండదు. దాటితే ట్రాన్స్‌క్రిప్ట్‌లో 'డబ్ల్యూ' పడుతుంది.

ఎలియట్ ఊహించని మెలిక తర్వాత వచ్చింది. విదేశీ విద్యార్థుల వివరాలు సేకరించాలని 1996 చట్టం చెప్పింది. 2001 దాడుల తర్వాత అది ఊపందుకుని, 2003కల్లా సెవిస్ నడవడం మొదలైంది. ఎఫ్-1 మీద బ్యాచిలర్స్ చదివేవాళ్లు మామూలు సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు ఉంచుకోవాలి. మాస్టర్స్‌కి యూనివర్సిటీ నిర్ణయిస్తుంది, చాలాచోట్ల 9. ముందు అనుమతి లేకుండా దానికి దిగితే స్టేటస్ పోయినట్టే.

నాకిది తెలీదు. మొదటి సెమిస్టర్ రెండో వారం, అల్గారిథమ్స్ అసైన్‌మెంట్ చూసి భయపడి, రాత్రి పన్నెండింటికి డ్రాప్ నొక్కి హాయిగా పడుకున్నా. తొమ్మిది కాస్తా ఆరైంది. పొద్దున టీ తాగుతూ చెప్తే మా సీనియర్ అన్న కప్పు కింద పెట్టేశాడు. "ముందు లేవరా, చొక్కా వేస్కో" అని ఇంటర్నేషనల్ ఆఫీసుకి లాక్కెళ్లాడు. కొత్త కోర్సు కలుపుకునే గడువు ఇంకా మూడ్రోజులుంది. డేటాబేస్ కోర్సులో ఒక్క సీటు దొరికింది. ఇంట్లో తెచ్చిన అప్పు గుర్తొచ్చి ఆ రోజంతా అన్నం సహించలేదు.

ఏళ్ల తర్వాత, హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తూ సాయంత్రం కోర్సు ఒకటి తీసుకున్నా. పని ఎక్కువై మధ్యలో వదిలేశా. ఫీజులో కొంత పోయింది, అంతే. నా వీసా ఉద్యోగం మీద ఉంది, క్రెడిట్ల మీద కాదు. అదే క్లాసులో నా పక్కన ఎఫ్-1 కుర్రాడు ఒకడు కూర్చునేవాడు. అతని స్క్రీన్ మీదా అదే బటన్ ఉండేది.

తమ్ముడికి మాత్రం ఒకటే రాశా: "ముందు మీ డీఎస్ఓని కలువు. అప్పటిదాకా ఏదీ నొక్కకు."