పెల్లగ్రా: నేరం గింజది కాదు

స్పెయిన్ ఉత్తర తీరాన ఆస్టూరియాస్ అనే కొండసీమ ఉంది. 1735లో అక్కడ వైద్యం చేస్తున్న గాస్పర్ కసాల్ పేద రైతుల్లో ఒక కొత్త జబ్బును గమనించాడు. ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ, అంటే ఎండ తగిలే చోటల్లా చర్మం ముందు ఎర్రబడేది. తర్వాత నల్లబారి, పగిలి, పొలుసులుగా రాలేది. మెడ చుట్టూ పట్టెడలా కనిపించే ఆ మచ్చను వైద్యులు ఈనాటికీ ‘కసాల్ హారం’ అంటారు. నోరు పూసేది, విరేచనాలు పట్టుకునేవి, చివరికి మతి చలించేది. ఈ రోగులు తినేది ఎక్కువగా మొక్కజొన్నే అనీ, మాంసం వాళ్లకు అరుదుగా దొరుకుతుందనీ కసాల్ రాసిపెట్టాడు. ఆ మాటను అప్పుడే పట్టించుకుని ఉంటే రెండు వందల ఏళ్ల చావులు తప్పేవేమో.

1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపోల్లి ఈ జబ్బుకు ‘పెల్లగ్రా’ అన్న పేరును స్థిరపరిచాడు. మొక్కజొన్న పంట యూరప్‌లో ఎటు పాకితే జబ్బూ అటే పాకింది. అసలు ఆ గింజ పుట్టిన మెక్సికోలో మాత్రం జనం వేల ఏళ్లుగా దాన్నే తింటున్నా పెల్లగ్రా ఎరగరు. అక్కడి ఆడవాళ్లు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. గింజలో విడివడకుండా బిగుసుకున్న నియాసిన్ అనే విటమిన్ ఆ సున్నంతో విడుదలవుతుంది. యూరప్ వాళ్లు గింజను పడవల్లో తెచ్చుకున్నారు గానీ, దాన్ని వండే తెలివిని అక్కడే వదిలేశారు. ఆహార చరిత్రలో ఇంత ఖరీదైన మరపు మరొకటి ఉందనుకోను.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలను కమ్మేసింది. అక్కడ గుమ్మం దాకా పత్తి వేసేవారు. కూరగాయలకు పెరడు లేదు, ఆవుకు మేత లేదు. కౌలు రైతులూ మిల్లు కూలీలూ మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, చెరకు పాకంతో నెలలు గడిపేవారు. కొత్త మరలు మొక్కజొన్నలో మొలక భాగాన్ని కూడా తీసేయసాగాయి. ఆ శతాబ్దపు మొదటి నాలుగు దశాబ్దాల్లో సుమారు 30 లక్షల మంది జబ్బు పడ్డారనీ, లక్ష మంది చనిపోయారనీ అంచనా. ఇదేదో అంటువ్యాధి అని చాలామంది వైద్యులు గట్టిగా నమ్మారు. రోగులను వెలివేసినట్టు చూశారు.

1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ని అక్కడికి పంపింది. ఆయన కళ్లతో చూసి పట్టిన మొదటి ఆధారం చాలా సాదా. పిచ్చాసుపత్రుల్లో రోగులకు పెల్లగ్రా వస్తోంది, వాళ్లతోనే రాత్రింబవళ్లు ఉండే నర్సులకు రావడం లేదు. అంటుజబ్బు మనిషిని చూసి అంటుకోదు కదా. మిసిసిపీలోని జాక్సన్ అనాథాశ్రమాల్లో ఇంకా స్పష్టమైంది. ఆరేళ్లలోపు పిల్లలకు పాలు ఇస్తారు, వాళ్లు బాగానే ఉన్నారు. పన్నెండు దాటినవాళ్లు పనిచేస్తారు కాబట్టి వాళ్లకు కాస్త మాంసం దొరుకుతుంది, వాళ్లూ బాగానే ఉన్నారు. జబ్బంతా మధ్య వయసు పిల్లలదే. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించగానే మచ్చలు మాయమయ్యాయి.

అయినా చాలామంది వైద్యులు నమ్మలేదు. 1915లో రాంకిన్ జైలు వ్యవసాయ క్షేత్రంలో, క్షమాభిక్ష మాట మీద ముందుకొచ్చిన ఖైదీలకు ఆయన దక్షిణాది పేదల తిండే పెట్టాడు. చివరిదాకా నిలిచిన 11 మందిలో ఆరుగురికి ఆర్నెల్లలో పెల్లగ్రా వచ్చింది. విడుదల కోసం ఆరోగ్యాన్ని పణం పెట్టించడం సమర్థించలేని పని. ఈ రోజు ఏ నైతిక సంఘమూ దాన్ని ఒప్పుకోదు. ఆయన తనను తానూ మినహాయించుకోలేదన్నది కూడా నిజమే. 1916లో పెల్లగ్రా రోగుల రక్తాన్ని తనకూ సహచరులకూ ఎక్కించుకున్నాడు. రోగుల చర్మపు పొలుసులు, మలమూత్రాలు పిండిలో కలిపి మింగాడు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఒక్కరికీ పెల్లగ్రా రాలేదు.

తర్వాత ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి దక్షిణ కరొలినా మిల్లు ఊళ్లలో ఇంటింటి ఆదాయం, వంటింటి సరుకు లెక్క తీశాడు. ఆదాయం తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. నా దృష్టిలో గోల్డ్‌బెర్గర్ జీవితంలో ఇదే అతి పెద్ద పని. 1921లో పత్తి ధర పడిపోయినప్పుడు పెల్లగ్రా పెరుగుతుందని ఆయన హెచ్చరిస్తే, తమ ప్రాంతం పరువు తీస్తున్నాడని దక్షిణాది నాయకులు మండిపడ్డారు. 1927 మిసిసిపీ వరదల్లో ఆయన సలహా మీద రెడ్‌క్రాస్ చవకైన ఈస్ట్ పంచింది. అది పనిచేసింది. అందులో పనిచేసే పదార్థమేదో తెలియకుండానే 1929లో ఆయన కన్నుమూశాడు.

ఆ పదార్థాన్ని 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ తేల్చాడు: నికోటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్, బి3 విటమిన్. నిజానికి ‘విటమిన్’ మాటకు మూలపురుషుడైన కాసిమిర్ ఫంక్ ఎప్పుడో తవుడు నుంచి దాన్ని వేరుచేశాడు. ఆయన వెతుకుతున్నది బెరిబెరి అనే మరో జబ్బుకు మందు. ఇది పనిచేయకపోయేసరికి పక్కన పెట్టేశాడు.

తిన్న అన్నాన్ని శక్తిగా మార్చే పనిలో వందల ఎంజైములకు తోడుండే ఎన్‌ఏడీ అనే అణువు నియాసిన్‌తోనే తయారవుతుంది. అది కొరవడితే ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టే చర్మం, పేగులు ముందు దెబ్బతింటాయి. శక్తి ఎక్కువగా కాల్చే మెదడూ తట్టుకోలేదు. పాలలో నియాసిన్ పెద్దగా లేదు, మరి పాలు తాగిన పిల్లలకు జబ్బెందుకు రాలేదు? మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ నుంచి శరీరం సొంతంగా నియాసిన్ చేసుకుంటుందని 1940ల్లో తెలిసింది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఒక మిల్లీగ్రాము నియాసిన్‌తో సమానం. పాలలో ట్రిప్టోఫాన్ పుష్కలం.

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటుండగా అది దక్కన్‌లో మళ్లీ తెరుచుకుంది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది; ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మొక్కజొన్న కాదు, జొన్న తిని బతికే పేదల్లో ఇక్కడ అప్పట్లో పెల్లగ్రా కనిపించేది. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ తక్కువేం కాదు. మరి జబ్బెందుకు? 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రకటించారు: జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువ, ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి అది అడ్డుపడుతోంది. ఈ ఫలితం అన్ని ప్రయోగశాలల్లో ఒకేలా రాలేదు, వాదం చాలాకాలం నడిచింది. బి6 విటమిన్ కొరత కూడా ఇందులో చేయి వేస్తుందని తర్వాత హైదరాబాద్ పరిశోధకులే చూపించారు.

జొన్న రొట్టెను పప్పుతో, మజ్జిగతో, పల్లీల పొడితో తిన్న ఇంట్లో పెల్లగ్రా లేదు. పొద్దున గటక, రాత్రి రొట్టె, నంజుకోడానికి కారం మాత్రమే ఉన్న కూలీ ఇంట్లో ఉంది. ఇప్పుడు నగరాల్లో ఆరోగ్యం కోసం జొన్న వైపు మళ్లుతున్నవాళ్లు లూసిన్ మాట విని భయపడనక్కర్లేదు. వాళ్ల కంచంలో జొన్న ఒంటరిగా ఉండదు.

1990లో మలావీలో తలదాచుకున్న మొజాంబిక్ కాందిశీకుల మధ్య పెల్లగ్రా విరుచుకుపడింది. వాళ్లకిచ్చే రేషన్ చాలావరకు మొక్కజొన్న. నియాసిన్ అందేది వేరుశనగ వల్లే. ఆ సరఫరా ఆగిపోయింది. కొన్ని నెలల్లోనే దాదాపు 18 వేల మందికి జబ్బు వచ్చింది. వంద గ్రాముల వేరుశనగలో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 14 నుంచి 16 మిల్లీగ్రాములు.

మన ఆసుపత్రుల్లో ఇప్పుడు పెల్లగ్రా అరుదు. వచ్చేవాళ్లలో తిండి మానేసి తాగుడులో పడినవాళ్లుంటారు, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ సరైన తిండి లేనివాళ్లుంటారు. ముంజేతుల మీద రెండువైపులా ఒకేలా నల్లబారిన చర్మాన్ని చూసి ఎండకు కమిలిందనుకుని పూతమందు రాసి పంపేస్తే జబ్బు లోపలే ముదురుతుంది. నికోటినమైడ్ మాత్రలు చాలా చవక. వేస్తే రోజుల్లోనే నోటిపూత, విరేచనాలు తగ్గుముఖం పడతాయి.