మంచె

మంచె అనగా పంట చేలలో కావలి కాయుటకు గుంజలపై నేలకు ఎత్తుగా నిర్మించే వేదిక. పక్షులు, అడవి పందులు, కోతుల నుండి పంటను కాపాడుకొనుటకు రైతులు దీనిని ఉపయోగిస్తారు. ఈ పదం సంస్కృతంలోని "మంచ" శబ్దానికి సంబంధించినది. హిందీలో దీనిని "మచాన్" అంటారు. మంచె చూచుటకు సాధారణమైన కట్టడమే అయినప్పటికీ, ఎత్తైన వేదికలను నిలిపే పలు నిర్మాణ సూత్రాలు ఇందులో కనిపిస్తాయి.

ఉత్తరాంధ్రలో మంచె

శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం ఒడిషా సరిహద్దున, మహేంద్రతనయ నది సమీపంలో ఉన్నది. ఈ ప్రాంతంలో ఒకవైపు వరి పొలాలు, మరొకవైపు తూర్పు కనుమల కొండలు ఉన్నాయి. కొండలపై సవరలు పోడు పద్ధతిలో చోళ్లు, సామలు, కందులు పండిస్తారు. అడవిని ఆనుకొని ఉన్న చేలకు గింజ పాలుపోసుకొన్నది మొదలు కోత వరకు కావలి తప్పనిసరి. మంచెపై నుండి కేకలు వేసి, డబ్బాలు మ్రోగించి, ఒడిసెలతో రాళ్లు విసిరి జంతువులను, పక్షులను తోలుతారు.

నిర్మాణం

సాధారణంగా మంచెకు నాలుగు గుంజలు ఉంటాయి. పై కొన పంగగా చీలిన కర్రలను గుంజలుగా ఎన్నుకొంటారు. పంగలలో అడ్డదూలాలను ఉంచి, వాటిపై వెదురు బొంగులను దగ్గర దగ్గరగా పేర్చి, నారతో గాని తాడుతో గాని బిగించి కడతారు. దూలం బరువు పంగ ద్వారా నేరుగా గుంజపై పడుతుంది. కావున కట్టు కొంత వదులైనను దూలం జారిపోదు. పైన తాటాకు లేదా గడ్డి కప్పు, ఎక్కుటకు నిచ్చెన ఉంటాయి.

గుంజను గోతిలో నిలిపి, చుట్టూ రాళ్లు, మట్టి వేసి దిమ్మిసతో గట్టిగా కూరుతారు. తడి, గాలి రెండూ తగిలే నేల మట్టం వద్ద కర్ర ముందుగా పుచ్చుతుంది. చెదలు కూడా అక్కడి నుండే ఎక్కుతాయి. అందువలన చేవ గల కర్రను వాడటం, పాతే భాగాన్ని పైపైన కాల్చడం పాత పద్ధతులు.

ఆధార సూత్రాలు

* దూలం నిడివి: ఒకే మందం గల దూలంపై బరువు సమంగా పరచి ఉన్నపుడు, గుంజల మధ్య దూరం రెట్టింపైతే దూలాన్ని వంచే ప్రభావం 4 రెట్లు, క్రిందికి కుంగే పరిమాణం 16 రెట్లు అవుతాయి. కావున వేదికను పెద్దది చేయదలచినచో పొడవైన దూలాలు వేయుట కంటే నడుమ గుంజలను చేర్చుట మేలు.
* వెలుపలికి సాగిన అంచు: రెండు కొనల ఆధారం ఉన్న బొంగు నడుమ ఒక మనిషి నిలబడినపుడు కలిగే వంపు ప్రభావం కంటే, అంతే పొడవున గాలిలోకి సాగిన బొంగు చివర నిలబడినపుడు కలిగేది 4 రెట్లు అధికం. మంచె అంచు విరుగుటకు ఇది ఒక కారణం.
* గుంజ ఎత్తు: 18వ శతాబ్దపు గణిత శాస్త్రజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ సూత్రం ప్రకారం, సన్నని స్తంభం ఎత్తు రెట్టింపైతే అది వంగిపోకుండా మోయగల బరువు నాలుగవ వంతుకు తగ్గుతుంది.
* ఏటవాలు కర్రలు: గుంజలు, దూలాలు కలిసి చతురస్రంగా ఏర్పడతాయి. ప్రక్క నుండి బలం తగిలినపుడు చతురస్రం వాలిపోగలదు, త్రిభుజం ఆకారం మారదు. అందుకే గుంజల మధ్య ఏటవాలుగా కర్రలు కడతారు.

రాతి కట్టడాలకు కూడా మొదటి సూత్రం వర్తిస్తుంది. రాయి నొక్కుడును బాగా తట్టుకొంటుంది గాని సాగుడును తట్టుకోలేదు. రాతి దూలం వంగినపుడు దాని అడుగు భాగం సాగుతుంది. హనుమకొండలో 1163లో కాకతీయ రుద్రదేవుడు నిర్మించిన వేయి స్తంభాల గుడి వంటి కట్టడాలలో స్తంభాలు దగ్గరగా ఉండుటకు ఇది ఒక కారణం.

ప్రమాదాలు

గాలి మంచెను ప్రక్కకు త్రోస్తుంది, పైకప్పును ఎత్తివేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి శ్రీకాకుళం జిల్లాలో తీవ్ర నష్టం కలిగించింది. తుఫాను హెచ్చరిక ఉన్నపుడు మంచెపై ఉండరాదు. చేల మధ్య ఎత్తుగా ఉండుటచే పిడుగుల సమయంలో కూడా అది క్షేమకరం కాదు.

2007 నుండి ఒడిషా అడవుల ఏనుగులు ఈ ప్రాంతానికి రావడం మొదలైనది. పంటలతో పాటు ప్రాణ నష్టం కూడా జరిగింది. పంది నుండి కాపాడే ఎత్తు ఏనుగు నుండి కాపాడదు. ఒక గుంజ ఒరిగితే వేదిక మొత్తం పడిపోతుంది. కావున ఏనుగులు తిరిగే చోట మంచెను రక్షణగా భావించరాదు.

వీడియో ఆటలలో

మనుగడ ప్రధానమైన వీడియో ఆటలలో ఎత్తైన వేదికలు కట్టడం ముఖ్య భాగం. మైన్‌క్రాఫ్ట్‌లో ఇసుక, కంకర వంటివి తప్ప చాలా దిమ్మెలు క్రింద ఆధారం తీసివేసినను గాలిలోనే నిలుస్తాయి. అయితే 2019లో చేర్చిన పరంజా, ఆధారం నుండి అడ్డంగా 6 దిమ్మెల దూరం వరకే నిలుస్తుంది. 2021లో విడుదలైన వాల్‌హైమ్‌లో నేలను తాకే భాగం నీలంగా కనిపిస్తుంది. ఆధారం నుండి దూరమయ్యే కొద్దీ రంగు ఆకుపచ్చ, పసుపు, నారింజల మీదుగా ఎరుపుకు మారి, ఆ పైన చేర్చిన భాగం కూలిపోతుంది. వేదికను విస్తరించుటకు అక్కడ కూడా నేల నుండి కొత్త స్తంభం లేపడం ఒక మార్గం. ఈ ఆటలో ఆధారం నుండి దూరం లెక్కకు వస్తుంది గాని, వేదికపై ఉంచిన బరువు రాదు. నిజమైన మంచెకు రెండూ ముఖ్యమే.

సాహిత్యంలో

కొనకళ్ల వెంకటరత్నం రచించిన "మొక్కజొన్న తోటలో" గేయంలో మంచె ప్రేమికులు కలుసుకొనే చోటుగా కనిపిస్తుంది. జిమ్ కార్బెట్ వేట రచనలలో చెట్లపై కట్టిన మచాన్‌ల ప్రస్తావన ఉన్నది.

ఇవి కూడా చూడండి

* పాతపట్నం
* పోడు వ్యవసాయం
* ఒడిసెల
* వేయి స్తంభాల గుడి